జూదవ్యసనం: లెక్కకు ఎక్కని జబ్బు

మధుమేహం, రక్తపోటు, పాముకాటు వంటి విషయాల కోసం ఇక్కడికి వచ్చే మీకు, ఈసారి జూదం గురించి రాస్తున్నానంటే వింతగా తోచవచ్చు. జూదం పోలీసులు చూసుకోవలసిన వ్యవహారం, ఇంటి పెద్దలు మందలించవలసిన దుర్గుణం. వైద్యుడికి అందులో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే దీనిని తన వ్యాధుల గ్రంథంలో చేర్చింది. 2013లో వెలువడిన ఐదవ కూర్పులో మద్యం, మత్తుపదార్థాల వ్యసనాల సరసన దీనికి స్థానం ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పు 2022 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. అందులో జూదవ్యసనం 6సి50 అనే సంకేతం కింద కనిపిస్తుంది.

ఆడే ప్రతి మనిషీ రోగి కాడు. దసరా సెలవులలో చుట్టాలందరూ చేరి రూపాయి రూపాయి పెట్టి ఆడుకునే ముక్కలాటను ఎవరూ వ్యాధి అనరు. ఎంతసేపు ఆడాలి, ఎంత సొమ్ము పెట్టాలి అన్నది మనిషి అదుపు తప్పడం, ఆట క్రమంగా తిండిని, నిద్రను, పనిని వెనక్కి నెట్టడం, నష్టం కళ్లకు కనబడుతున్నా మానలేకపోవడం, ఈ మూడూ సాధారణంగా ఏడాది పాటు ఉంటే వైద్యుడు ఆ పేరు పెడతాడు. తీవ్రంగా ఉంటే ఏడాది కూడా ఆగనక్కర లేదు.

నా ఉద్యోగ జీవితంలో అధిక భాగం పాత మహబూబ్‌నగర్ జిల్లాలో గడిచింది. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు జిల్లాలుగా ఏర్పడ్డాయి. నేను ఎరిగిన కేసు షీట్లలో బీడీ, చుట్ట, గుట్కా, కల్లు, సారాయి గురించి అడిగే చోటు ఉండేది. జూదానికి గడి లేదు. గడి లేని జబ్బు మారువేషంలో వస్తుంది. నిద్ర పట్టడం లేదని, కడుపులో మంట అని, గుండె దడ అని వస్తుంది. గుండెనొప్పి అంటూ ఒక నడివయసు రైతును అతని భార్య తీసుకువచ్చింది. ఈసీజీలో లోపం లేదు. ఆమె పక్కకు వచ్చి అన్న మాట ఇది: "సారూ, మందు ముట్టడు, బీడీ తాగడు. మస్తు మంచోడు. రాత్రంత ఫోను పట్టుకొని కూసుంటడు, పొద్దుగాల చంటిపిల్ల లెక్క ఏడుస్తడు." సీడు పత్తి మీద వచ్చిన సొమ్మంతా ఫోనులోని రమ్మీకి పోయింది. పుస్తెలతాడు కుదువకు పోయింది. మానసిక వైద్యుని వద్దకు పంపాము. ఫోను భార్య చేతికి, బ్యాంకు పుస్తకం తమ్ముడి చేతికి వెళ్లాయి. ఏడాదిన్నరకు అతడు నిలదొక్కుకున్నాడు. పేరు పెట్టగలిగిన జబ్బుకు చికిత్స చేయగలిగాము.

పురుగుల మందు తాగి అర్ధరాత్రి ఆటోలో వచ్చేవారి సంగతి వేరు. వారి కాగితాల మీద 'అప్పుల బాధ' అని రాస్తారు. ఆ అప్పు ఎలా వచ్చిందో కాగితం అడగదు. బోరు వేస్తే ఎండిపోయినా అప్పే, బిడ్డ పెళ్లి చేసినా అప్పే, పందెంలో పోగొట్టినా అప్పే. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రచురించే ఆత్మహత్యల నివేదికలో దివాలా లేక అప్పులు అనే వర్గం ఉంది, మద్యం మత్తుమందుల వ్యసనం అనే వర్గం ఉంది, పరీక్ష తప్పడం కూడా ఉంది. జూదం అనే వర్గం లేదు. స్వీడన్ దేశంలో ఆసుపత్రి రికార్డులు తిరగేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, జూదవ్యసనం నిర్ధారణ అయినవారిలో ఆత్మహత్య మరణాలు సాధారణ ప్రజలతో పోలిస్తే 15 రెట్లు ఎక్కువగా కనిపించాయి. అక్కడి వైద్యులు ఆ జబ్బు పేరును రికార్డులో రాశారు గనుక ఆ సంఖ్య బయటపడింది.

మన పల్లెలకు జూదం కొత్త కాదు. చింతచెట్టు కింద మూడు ముక్కలాట, అందర్ బాహర్, మట్కా చీటీలు మా తరం ఎరిగినవే. మట్కా పుట్టుక పత్తితోనే ముడిపడి ఉన్నదని మీలో ఎందరికి తెలుసో! న్యూయార్కు పత్తి ఎక్స్ఛేంజి నుండి బొంబాయికి తంతి మీద వచ్చే ధరలపై మొదట పందేలు కాసేవారు. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగిపోయాక, కుండలో చీటీలు వేసి అంకెలు తీయడం మొదలైంది. మట్కా అంటే కుండ. అలా పత్తి బజారులో పుట్టిన ఆట, కృష్ణా తుంగభద్రల నడుమ పత్తి పండించే నడిగడ్డ పల్లెలకూ చేరింది.

ఈ ప్రాంతపు ఆదాయాల తీరు కూడా గమనించండి. సీడు పత్తి రైతుకు డబ్బు నెలనెలా రాదు. పెట్టుబడి ఆర్గనైజర్ ఇస్తాడు, గింజలు పరీక్షలో నెగ్గిన పిమ్మట లెక్క తేలుతుంది. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నుండి వలస వెళ్లే కూలీకి గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. అంటే ఏడాదిలో ఒకటి రెండు సార్లు చేతిలో పెద్ద మొత్తం, మిగిలిన కాలమంతా అప్పు. నెల జీతగాడిని దృష్టిలో పెట్టుకుని తయారైన ప్రశ్నలు ఇటువంటి బతుకును పట్టుకోలేవు. సేద్యమే ఒక జూదం అని కొందరు చమత్కరిస్తారు. ఆ పోలిక నాకు నచ్చదు. పంట పోయినవాడు మళ్లీ విత్తడం వ్యసనం కాదు.

పాత పేకాటకు నలుగురు మనుషులు కావాలి, వెలుతురు కావాలి. ఎవరికో ఆకలి వేసేది, ఎవరి భార్యో వచ్చి తిట్టేది, ఆట ఆగేది. ఫోనులోని ఆటకు ఆకలి లేదు. ముక్కలు క్షణంలో పంచబడతాయి, పందెం వేలితో నొక్కితే జరిగిపోతుంది. గెలుపు ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే ఇక్కడ కీలకం. ఊహించిన ప్రతిఫలం కంటే ఊహించని ప్రతిఫలానికి మెదడులోని డోపమిన్ కణాలు అధికంగా స్పందిస్తాయి. ఒక్క ముక్క తేడాతో ఓడిపోయినప్పుడు, ఓటమి అయినప్పటికీ మెదడు దాదాపు గెలుపు వలె స్వీకరిస్తుంది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మనకొక సామెత ఉంది. జూదరి దానిని అక్షరాలా పాటిస్తాడు. పోయిన సొమ్మును అక్కడే రాబట్టాలని మళ్లీ మళ్లీ ఆడడం ఈ వ్యాధి ప్రధాన లక్షణాలలో ఒకటి.

ఇదంతా మనోబలం లేకపోవడం వలన వచ్చిందని ఇంకా అనుకునేవారికి ఒక సంగతి చెబుతాను. చేతులు వణికే పార్కిన్సన్ వ్యాధికి ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అనే మందులు ఇస్తారు. ఇవి మెదడులో డోపమిన్ చేసే పనిని చేస్తాయి. ఈ మందులు వాడిన వారిలో కొందరు, అంతకు ముందు జూదం ఎరుగని పెద్దమనుషులు, తీవ్రమైన జూదరులుగా మారారు. మందు తగ్గించిన పిమ్మట వారిలో చాలామందికి ఆ తపన తగ్గిపోయింది. నీతి మాత్రలతో రాదు, మాత్రలతో పోదు కదా! మీ ఇంట్లో ఎవరైనా ఈ మందులు వాడుతూ ఉంటే సొంతంగా ఆపవద్దు. డబ్బు విషయంలో కొత్త పోకడలు కనబడితే మీ వైద్యునికి చెప్పండి.

ఇక ప్రభుత్వం సంగతి. చట్టాల విషయంలో లోటు లేదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని చెప్పింది. దశాబ్దాల తరువాత ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారులు ఆ తీర్పునే గొడుగుగా పట్టుకున్నారు. తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు ఆటలు నడిపేవారికి 3 సంవత్సరాల వరకు జైలు, 1 కోటి రూపాయల వరకు జరిమానా అందులో ఉన్నాయి. ఆడేవారికి ఆ చట్టం శిక్ష విధించలేదు, అది మంచి ఆలోచన. అయితే నైపుణ్యమా, అదృష్టమా అన్న న్యాయస్థానపు భేదాన్ని వ్యసనపడిన మెదడు పాటించదు. అలాగే నిషేధం అమలైన మరునాడు రోగి తపన ఆరిపోదు. మద్యనిషేధం చూసిన తెలుగువారికి ఇది ప్రత్యేకంగా చెప్పనక్కర లేదు.

చట్టం చేసిన ప్రభుత్వం రోగులను లెక్కించిందా? 2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. 12 రాష్ట్రాలను తీసుకున్నారు. తెలంగాణ గానీ ఆంధ్రప్రదేశ్ గానీ అందులో లేవు. మద్యం, మత్తుమందుల వాడకం మీద ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన భారీ సర్వే 2019లో వెలువడింది. దానిలో మన రాష్ట్రాలు ఉన్నాయి, దేశంలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారని తేలింది. పదార్థాలను లెక్కించడానికే అది ఏర్పడింది కనుక జూదం దాని పరిధిలోకి రాలేదు. ఎర్నాకుళం జిల్లాలో 58 కళాశాలల విద్యార్థులను ప్రశ్నించిన ఒక అధ్యయనం ఉంది. ఎప్పుడైనా జూదమాడినవారు ఇంచుమించు 20 శాతం, సమస్యగా మారినవారు 7 శాతానికి పైన అని అది చెప్పింది. అది కేరళ, అక్కడ లాటరీ ప్రభుత్వమే నడుపుతుంది. ఆ అంకెలను తెచ్చి వనపర్తికి అతికించలేము.

సొమ్ము లేకనా? 2023 అక్టోబరు 1 నుండి ఆన్‌లైన్ ఆటల పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్‌టీ విధించారు. ఆ పిమ్మట ఆరు నెలలలో 6,909 కోట్ల రూపాయలు వచ్చాయని కేంద్ర ఆర్థిక మంత్రి 2024 సెప్టెంబరులో ప్రకటించారు. అందులో ఇంత భాగం జూదవ్యసన పరిశోధనకు చెందాలని ఆ పన్ను చట్టంలో ఒక్క పంక్తి లేదు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుండి జూదం కంపెనీల రాబడి మీద 0.1 నుండి 1.1 శాతం వరకు తప్పనిసరి సుంకం పెట్టారు. దానిలో సగం చికిత్సకు, 30 శాతం నివారణకు, 20 శాతం పరిశోధనకు. అంతకు ముందు అక్కడ కంపెనీలు స్వచ్ఛందంగా ఇచ్చే విరాళాల మీద ఆధారపడేవారు. ఆ పద్ధతి మీద చాలా విమర్శ వచ్చింది. పొగాకు పరిశోధనల చరిత్ర చదివిన వైద్యుడెవడూ వ్యాపారి ఇచ్చే సొమ్ముతో ఆ వ్యాపారం చేసే హానిని కొలవడానికి ఒప్పుకోడు. మన దేశంలో ఇప్పుడు డబ్బు ఆటలే నిషిద్ధం గనుక సుంకం వసూలు చేయడానికి కంపెనీ ఉండకూడదు. కనుక ఈ పరిశోధనకు ఆరోగ్య శాఖ బడ్జెట్ నుండే నిధి రావాలి. వేరే దారి నాకు కనబడదు.

మారుమూల జిల్లాలో ఇటువంటి పరిశోధన సాధ్యమా అని సందేహించేవారికి బళ్లారిని గుర్తు చేస్తాను. తుంగభద్ర తీరాన, తెలుగు కన్నడం కలిసి వినబడే ఆ మెట్ట జిల్లాలో 1980లలో నిమ్హాన్స్ వారు ఒక ప్రయోగం చేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, కార్యకర్తలకు మానసిక వ్యాధులను గుర్తించడం, మందు ఇవ్వడం నేర్పారు. ఆ అనుభవం మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. ఒక్క జిల్లాలో పెట్టిన ఖర్చు దేశానికంతా దారి చూపింది.

నేడు మన మూడు జిల్లాలలో ఆనాటి బళ్లారి కంటే మంచి వసతి ఉంది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మొదటి రెండింటిలో 150 చొప్పున, గద్వాలలో 50 సీట్లతో ప్రారంభించారు. జాతీయ వైద్య కమిషన్ నియమం ప్రకారం ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ మొదటి ఏడాది నుండి గ్రామంలో కనీసం 3 కుటుంబాలను దత్తత తీసుకుని వారి ఆరోగ్యం గమనించాలి. 350 మంది విద్యార్థులు, తలకు 3 కుటుంబాలు అంటే ఏటా 1,050 ఇళ్లు. రక్తపోటు చూడడానికి ఎలాగూ వెళ్తున్నారు. రెండు ప్రశ్నలు అదనంగా అడగడానికి ఎంత ఖర్చు?

ఆ రెండు ప్రశ్నలు వైద్యలోకంలో ఉన్నవే. పందెం మొత్తాన్ని ఇంకా ఇంకా పెంచాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడారో అయినవారి దగ్గర ఎప్పుడైనా అబద్ధం చెప్పవలసి వచ్చిందా? ఒకదానికి అవునన్నా మరింత లోతుగా విచారించాలి. అయితే వీటిని ఇంగ్లీషు నుండి తెనిగించి అప్పగిస్తే చాలదు. నడిగడ్డలో ఒక యువకుణ్ణి 'నీవు జూదం ఆడతావా' అంటే కాదంటాడు, నిజంగానే కాదనుకుంటాడు. 'ఫోనులో ఆట ఆడతవా, పైసలు పెడతవా' అంటే అవునంటాడు. క్రికెట్ మీద బెట్టింగ్ కాసేవాడు దానిని అంచనా అంటాడు. ఏ మాటకు ఏ జవాబు వస్తుందో వందలమందితో పరీక్షించి చూడాలి. పరిశోధనలో పైకి కనబడని అసలు శ్రమ ఇదే, నిధులు ముందుగా కావలసినదీ దీనికే.

ఇంకా చిక్కులున్నాయి. విద్యార్థుల దత్తత గ్రామాలు సహజంగా కళాశాలకు దగ్గరలో ఉంటాయి. వాటినే లెక్కిస్తే మారుమూల తండాలు, నల్లమల పెంటలలోని చెంచులు తప్పిపోతారు. జబ్బు 2 శాతం మందిలో ఉందనుకుని, అర శాతం అటూ ఇటూగా తేల్చాలంటేనే సుమారు 3,000 మందిని అడగాలి. ఊళ్లవారీగా ఎంచుకుంటే ఆ సంఖ్య రెట్టింపు కావచ్చు. వలస వెళ్లిన మగవారు ఊళ్లో దొరికేది పండుగలకే. పండుగలకే ముక్కలాట ఎక్కువ కూడాను. కనుక ఒకసారి సంక్రాంతికి, మరొకసారి ఎండాకాలంలో అడిగి రెండింటినీ పోల్చవలసి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి భయం. కేంద్ర చట్టం ఆడేవారిని వదిలినా, రాష్ట్ర గేమింగ్ చట్టం ప్రకారం పేకాట స్థావరంలో దొరికితే కేసు తప్పదు. ఆశా కార్యకర్త అడిగిన ప్రశ్నకు జవాబు చెబితే ఠాణాకు చేరుతుందేమో అని జంకడం సహజం. హెచ్‌ఐవి వ్యాప్తిని కొలిచే సెంటినల్ సర్వేలలో రక్తనమూనాను పేరుతో ముడిపెట్టకుండా పరీక్షించే పద్ధతిని మన దేశం ఏనాడో అమలు చేసింది. అదే కట్టుబాటు ఇక్కడా కావాలి, ఆరోగ్య శాఖతో పాటు పోలీసు శాఖ కూడా రాతపూర్వకంగా దానికి ఒప్పుకోవాలి. లేనియెడల ఇంటింటికీ తిరిగి సేకరించే జవాబులన్నీ 'లేదు' అనే వస్తాయి, జిల్లాలో జూదవ్యసనమే లేదని నివేదిక తయారవుతుంది.

లెక్క తేలితే ఏమి ఒరుగుతుందని ఒక మిత్రుడు అడిగాడు. జిల్లా ఆసుపత్రిలో ఎందరు కౌన్సెలర్లు కావాలో అప్పుడే చెప్పగలము. ఆలోచనల సరళిని మార్చే మానసిక చికిత్స ఈ వ్యాధిలో బాగా పనిచేస్తుందని ఇతర దేశాల పరిశోధనలు చూపాయి. నాల్‌ట్రెక్సోన్ అనే మందు కొందరిలో తపనను తగ్గిస్తుంది. కానీ చదువు అంతగా లేని, వారం వారం ఆసుపత్రికి రాలేని కూలీకి ఆ చికిత్సను ఎన్ని విడతలలో, ఎవరి చేత, ఏ భాషలో ఇప్పించాలి అన్నది ఇక్కడే పరీక్షించి తెలుసుకోవలసిన విషయం. లండనులో దానికి జవాబు దొరకదు.

ఆ పరిశోధన ఎప్పుడు వచ్చినా, మీరు ఆగనవసరం లేదు. ఇంట్లో ఎవరికైనా ఈ లక్షణాలు కనబడితే అప్పు తీర్చి ఊరుకోకండి. చికిత్స లేకుండా అప్పు మాత్రమే తీరిస్తే సాధారణంగా కొత్త అప్పు మొదలవుతుంది. బ్యాంకు ఖాతా, ఫోను చెల్లింపులు కొంతకాలం నమ్మకమైన మరొకరి చేతిలో పెట్టండి. చనిపోతానన్న మాట వినబడితే పురుగుల మందు డబ్బాలను ఇంటి నుండి తరలించి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లినప్పుడు నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పకుండా, డబ్బు పెట్టి ఆడుతున్న సంగతి కూడా వైద్యునికి చెప్పి, ఓపీ చీటీ మీద ఆ మాట రాయించండి.